మేస్త్రికి సామరస్యం నేర్పిన పదిహేను రోజులు

మూడో వరస దినచర్య పుస్తకం
రాసేది: విమలకుమారి, పంతొమ్మిదో తెప్ప, ఎడమ ఇల్లు

మొదటి రోజు

ఇవాళ నీళ్ల మర శుభ్రం చేసే వంతు నాది. ఉప్పు పొరలు గీకి, జల్లెడ విప్పి దులిపి, మళ్లీ బిగించేసరికి నడుం పట్టేసింది. నాలుగు ఇడ్లీలు వేసుకుందామని వంటగదిలోకి వెళ్తే పొయ్యి మీద నాంచారమ్మ కూరగిన్నె ఎక్కి కూర్చుంది. తెప్పకు రెండిళ్లు, రెండిళ్లకూ ఒకటే వంటగది, ఒకటే పొయ్యి. సముద్రం దివిసీమను మింగేశాక తెప్పలు కట్టినవాళ్లకు రెండు పొయ్యిలు పెట్టాలన్న ఆలోచన రాలేదు. వాళ్లు వంట చేసి ఎరుగుదురా ఏమన్నానా.

గిన్నె ఎప్పుడు దింపుతావని నేను, ఉడికాక దింపుతానని ఆమె, ఉడికేది కూరా రాళ్లా అని నేను, మొత్తానికి రోజూ పడే తగాదానే పడ్డాం. తొమ్మిదేళ్లుగా పడుతున్నాం. అంతలో గోడలోంచి మేస్త్రి గొంతు సవరించుకుంది.

మేస్త్రి అని ముద్దుపేరు పెట్టింది మేమే. మా వరసలోని నలభై తెప్పల తాళ్ల బిగువూ నీళ్లూ దీపాలూ చూసుకునే యంత్రం అది. ప్రతి వంటగది గోడలోనూ దానికో చెవి, ఓ నోరు ఉన్నాయి. ఇన్నాళ్లూ చెవితోనే సరిపెట్టుకునేది. పోయిన వారం గట్టు ఆఫీసు వాళ్లు దానికి కొత్త బుద్ధి ఎక్కించారు. అప్పటి నుంచి ఒకటే ప్రశ్నలు.

"కట్టుబాటు నాలుగు. ఒక తెప్ప మీది రెండిళ్లు సామరస్యంగా ఉండవలెను. లేనిచో విడదీయవలెను. ఇందులో 'సామరస్యం' అనే మాటకు నా దగ్గర అర్థం లేదు. పదిహేను రోజుల్లో ఇవ్వగలరు. ఇవ్వకపోతే ఎనిమిదో రోజు నుంచి ఏడు రోజులు వంటగదుల్లో శబ్దం కొలిచి నిర్ణయిస్తాను."

పదకొండేళ్లుగా గోడకు వేలాడుతున్న కట్టుబాటు అది. దాన్ని చదివినవాళ్లున్నారని కూడా నాకు నమ్మకం లేదు. సాయంత్రం వరస పెద్ద వీరరాఘవయ్యగారు స్వయంగా మా తెప్పకు వచ్చారు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని కాబట్టి ఆ అర్థమేదో నన్నే రాసివ్వమన్నారు. అరగంట పని అన్నారు. ఏ పనికైనా అరగంట అని చెప్పేవాళ్లు ఆ పని చేయబోయేవాళ్లు కారు.

మూడో రోజు

నిఘంటువులో ఉన్నట్టే రాసిచ్చాను. "కలతలు, తగాదాలు లేకుండా కలిసి ఉండటం."

మేస్త్రి పోయిన నెల రోజులుగా విన్నదంతా వడపోసి, ఈ అర్థం ప్రకారం విడదీయవలసిన తెప్పల పట్టీ చదివింది. ముప్పై ఏడు. నలభైలో మిగిలినవి మూడు. వాటిలో రెండు మరమ్మతులో ఉన్న ఖాళీ తెప్పలు. మూడోది ఏడో తెప్ప, అంటే వీరరాఘవయ్యగారిది. ఆ తెప్ప మీద కుడి ఇంట్లో ఆయనా, ఆయన కుటుంబమూ కలిసి ఏడుగురు, ఎడమ ఇంట్లో తాతారావుగారు ఒక్కరే. నాలుగేళ్లుగా రెండిళ్లకూ మాటల్లేవు. వంటగది మధ్యన సుద్దగీత గీసుకుని, ప్రతి అమావాస్యకూ ఇద్దరూ చెరో వైపు నుంచీ దాన్ని దిద్దుకుంటారు. ఏటేటా ఇచ్చే సామరస్య పతాకం నాలుగేళ్లుగా ఆ తెప్ప మీదే ఎగురుతోంది.

విడదీసినవాళ్లను ఎక్కడికి పంపుతావని అడిగాను. అంచు వరసకు, అంటే అన్నిటికన్నా బయట, తెప్పకు ఒక్కటే ఇల్లున్న వరసకు అంది. అక్కడున్నవి పన్నెండు తెప్పలు, ముప్పై ఏడు ఇళ్లను ఎక్కడ కడతావన్నాను. తాళ్లు సరిపోతాయంది. తాళ్ల సంగతి నేను అడగలేదు.

తెప్పకు రెండిళ్లలో ఏది వెళ్లాలని కూడా అడిగాను. తక్కువమంది ఉన్న ఇల్లట. నాంచారమ్మ ఇంట్లో ఆమె, భర్త వెంకన్న, మరిది కలిపి ముగ్గురు. నా ఇంట్లో నేను. పోయిన కార్తీకంలో అంచు వరసలో రెండు తెప్పలు తాళ్లు తెంపుకుపోయాయి, ఇప్పటికీ ఆచూకీ లేదు. ఈ సంగతి విన్నాక నాకు ఇడ్లీ సహించలేదు. నాంచారమ్మ మాత్రం, నేను పోతే పొయ్యి మొత్తం తనదేనని ఎగతాళి చేసింది. చేసి, సాయంత్రం దాకా నా మొహం చూడలేదు.

అయిదో రోజు

రెండో అర్థం. "ఉన్నదాన్ని సమానంగా పంచుకోవడం." రాసేటప్పుడు నాకే ముచ్చటేసింది. క్లాసులో అయితే పిల్లల చేత రెండుసార్లు చదివించేదాన్ని.

పట్టీలో ఇరవై రెండు తెప్పలు వచ్చాయి. అన్నిటికన్నా పైన పన్నెండోది. అక్కడ రహమతున్‌కు మూడు నెలల కవలలు. పక్కింటి గంగరాజు ఒంటివాడు, వలలు అల్లుతాడు. తన నీళ్లలో సగం రోజూ ఆమె తొట్టిలో పోసి వెళ్తాడు. గంగరాజు వాటాను రహమతున్ కాజేస్తోందని మేస్త్రి తేల్చింది. నేను గంగరాజును పిలిపించి, నీళ్లు ఎందుకిస్తున్నావో మేస్త్రికి చెప్పమన్నాను. అతను నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు.

"పసిపిల్లల గుడ్డలు ఉతుక్కోవద్దాండీ?" అన్నాడు.

మేస్త్రి అది కారణం కాదంది, ప్రశ్న అంది. ఆ అర్థాన్నీ వెనక్కు తీసుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఉంది నా పాండిత్యం. ఒక మాటను ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను, వాక్యాల్లో ప్రయోగించమని మార్కులు వేశాను. ఇప్పుడది పట్టుకుంటే చేతిలో నిలవడం లేదు. నామీద నాకే కోపంగా ఉంది.

ఏడో రోజు

మీటింగు. అందరూ ఒకేసారి మాట్లాడారు. సామరస్యం అంటే అత్తగారు లేకపోవడమని ఒకామె అంది, అత్తగారు పక్కనే ఉన్నారు. వీరరాఘవయ్యగారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. టీచరుగారి అర్థాలు ఎటూ తేలేట్టు లేవు కాబట్టి మేస్త్రి కొలిచేది శబ్దాన్నే, ఆ కొలిచే ఏడు రోజులూ రేపే మొదలు కాబట్టి, రేపటి నుంచి వరసంతా మౌన వారం పాటించాలన్నారు. వంటగదిలో ఎవరూ నోరు విప్పకూడదట. ఏం చెప్పాలన్నా సైగలతో చెప్పుకోవాలట. మా తెప్పను చూసి నేర్చుకోండి అన్నారు.

తాతారావుగారు చివరి బల్ల మీద కూర్చుని సముద్రం వైపు చూస్తున్నారు. ఆయన మొహంలో ఏముందో నాకు తెలియలేదు. అప్పుడు పట్టించుకోలేదు కూడా. నేనూ చెయ్యెత్తాను, ఒప్పుకున్నానని. అంచు వరస తప్పితే చాలనిపించింది.

తొమ్మిదో రోజు

మౌనం. నిన్న కాస్త హాయిగానే ఉంది. ఇవాళ చెవుల్లో గుయ్యిమంటోంది.

పొయ్యి దగ్గర నాంచారమ్మ నన్ను చూడగానే పక్కకు తప్పుకుని, మీరు ముందు అన్నట్టు చెయ్యి చూపించింది. నేనూ చెయ్యి చూపించాను. ఆమె మళ్లీ చూపించింది. ఇద్దరం అలా పెళ్లిలో పంతుళ్లలా చేతులు తిప్పుకుంటూ నిలబడేసరికి పొయ్యి మీద నీళ్లు ఇగిరిపోయాయి. తొమ్మిదేళ్లలో ఆమె నన్ను గౌరవించడం ఇదే మొదలు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎండుచేపలు కూడా దూరంగా, తెప్ప అవతలి కొసన ఆరబెట్టుకుంటోంది. ఎన్నిసార్లు మొత్తుకున్నా నా కిటికీ కిందే పెట్టే మనిషి. కిటికీ తెరిచి కూర్చున్నాను. ఉప్పుగాలి తప్ప ఏమీ రాలేదు. మేస్త్రి మాత్రం మా తెప్ప శబ్దం నూటికి ఎనభై వంతులు తగ్గిందని మెచ్చుకుంది.

పదకొండో రోజు

ఇది నాంచారమ్మ రాస్తంది. నాకు అయిదో తరగతి దాకా వచ్చు. టీచరమ్మకి ఇయ్యాల లేవడానికి లేదు. రాయకపోతే లేచాక నన్నే తిడద్ది.

పొద్దున పొయ్యి మీద నేను పులుసు పెట్టా. టీచరమ్మ గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. ఏం అనలేదు. నేనూ ఏం అనలేదు. దింపు అంటే దింపేదాన్ని. కానియ్ అన్నట్టు చెయ్యి ఊపింది. షుగరు మాత్ర మింగి ఎల్లిపోయింది. తిని మింగాల అది. నాకు తెలుసు, రోజూ నేనే అరుస్తా కదా మాత్ర ముందు మింగొద్దని. ఇయ్యాల నోరు మూసుకున్నా. నాదే తప్పు. నేను పులుసు దింపి అన్నం కూడా పెట్టేసా.

తరవాత చేపలు తెచ్చా. నాలుగు రోజులు ఆ కొసకి మోసి మోసి విసుగొచ్చింది. కిటికీ కిందే పెట్టా. గాలి అటే ఉంది. కిటికీ టపామని మూసుద్దని చూసా. ముయ్యలేదు. ఇంకో పళ్లెం తెచ్చి పెట్టా, పండుగొప్పలు, ఘాటు ఎక్కువ. అయినా లేదు. తొమ్మిదేళ్లలో అట్టా ఎప్పుడూ లేదు. అప్పుడు భయమేసింది.

తలుపు తోసా. కింద పడుంది. ఒళ్లంతా చెమట, కళ్లు తేలేసింది. బెల్లం ముక్క నలిపి చిగుళ్లకి రాసా. మళ్లీ రాసా. బయటికొచ్చి అరిచా. ఎంత అరిచానంటే అవతల రెండో వరస నించి కూడా మనుషులొచ్చారు. పన్నెండో తెప్ప గంగరాజు నర్సమ్మని పడవలో తీసుకొచ్చాడు. సూది పొడిచింది. టీచరమ్మ కళ్లు తెరిచింది. తెరిచి ఏమందో రాస్తా. చేపలు తియ్యవే అంది.

నేను ఏడ్చా. ఇది కొట్టేస్తే ఊరుకోను.

పన్నెండో రోజు

పైదాంట్లో తప్పులు దిద్దబోయి ఆగిపోయాను. అలాగే ఉండనివ్వాలనిపించింది.

పొద్దున నాంచారమ్మ జావ తెచ్చి మంచం పక్కన కూర్చుంది. తాగేదాకా కదలనంది. నువ్వు అలా అరిచావు కదా, మన తెప్ప మౌనం లెక్క మొత్తం పాడైపోయి ఉంటుంది, నన్ను అంచు వరసకు పంపేస్తారు అని అన్నాను. అంచు వరసంటే నాకు భయం, ఇక్కడ రాస్తున్నాను, దాచుకోవడం ఎందుకు. అక్కడ పక్క గోడకు అవతల ఎవరూ ఉండరు.

"లెక్క పాడైతే అయింది. నీ నోరు వినపడకపోతే నాకేం తెలుసుద్ది టీచరమ్మా, నువ్వున్నావో లేవో?" అంది నాంచారమ్మ.

ఆమె వెళ్లాక ఆ మాటే నమిలాను. తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున నేను ఆమెతో పోట్లాడుతున్నాననుకున్నాను. పోట్లాడానూ నిజమే, ఆ పొయ్యి విషయంలో తప్పు పూర్తిగా ఆమెదే. కానీ నేను అరవగానే ఆమెకు నేను లేచానని తెలుస్తోంది, ఆమె తిరిగి అరవగానే నేను మాత్ర మింగకముందే తింటున్నాను. ఇది నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో తట్టలేదు. అయిదో తరగతి చదివిన మనిషి రెండు పళ్లేల ఎండుచేపలతో కనిపెట్టింది.

గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్లి మేస్త్రికి మూడో అర్థం చెప్పాను. "సామరస్యం: పక్కింటి వాళ్ల అలికిడి వినపడవలసిన వేళకు వినపడకపోతే, వెళ్లి తలుపు తట్టడం."

వినపడవలసిన వేళ ఏదని మేస్త్రి అడిగింది. అది పక్కింటివాళ్లకు తెలుస్తుందన్నాను. తెలియకపోతే ఎలా అంది. తెలియకపోతే వాళ్లు సామరస్యంగా లేనట్టు లెక్క, రాసుకో అన్నాను. రెండిళ్ల తలుపులూ వంటగదిలోకే కాబట్టి, అవి ఎప్పుడు తెరిచారో, ఎవరు ఎవరి తలుపు తట్టారో దానికి తెలుసు. నెల రోజుల లెక్కలు తిరగేసి, అర్థం కొలతకు అందుతుంది, స్వీకరించాను అంది. ఎవరికో జ్వరం వస్తే కషాయంతో వెళ్లినవాళ్లు, పిల్లాడి ఏడుపు ఆగిపోయిందేమని పరుగెత్తినవాళ్లు, వల సర్దే చప్పుడు లేదేమని తొంగిచూసినవాళ్లు, వరస నిండా ఉన్నారు. వాళ్లంతా మొన్న తగాదాకోర్ల పట్టీలో ఉన్నవాళ్లే.

విడదీయవలసిన తెప్ప ఒక్కటే తేలింది. ఏడోది.

పదమూడో రోజు

వీరరాఘవయ్యగారు వచ్చారు. పతాకం చుట్టి చంకలో పెట్టుకుని మరీ వచ్చారు. ఇన్నేళ్ల పరువును రెండు ముక్కల వాక్యంతో గంగలో కలిపానన్నారు.

"నాలుగేళ్లలో ఆయన్ని నేను ఒక్క మాట అనలేదు టీచరుగారూ."

"అదే కదండీ వచ్చిన చిక్కు," అన్నాను.

కూర్చోమని మంచినీళ్లిచ్చి, అసలు గొడవేమిటో అడిగాను. తాతారావుగారు రోజూ సాయంత్రం నాలుగింటికి చిన్న రోట్లో వక్కలు దంచుకుంటారట. సరిగ్గా ఈయన కునుకు తీసే వేళ. ఓ రోజు విసుక్కున్నారు, ఆయన తిరిగి విసుక్కున్నారు, మర్నాడు సుద్ద వచ్చింది. అంతే. ఇంతోటి దానికి నాలుగేళ్లా అని అడగబోయి, నా పొయ్యి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

విడదీస్తే ఒక్కరే ఉన్న ఇల్లు కాబట్టి తాతారావుగారు పోవాలి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, అంచు వరసకు, ఒంటరిగా. మొన్న నన్ను పంపబోయిన చోటికి ఇప్పుడు నా వాక్యం ఆయన్ను పంపుతోంది. పదిహేనో రోజు పొద్దు గుంకే వరకూ గడువుందని మేస్త్రి అంది. వెళ్లి ఒక్కసారి తలుపు తట్టండి, పోయేదేముంది అన్నాను. ఊరికే తడితే అది మోసం కాదా అన్నారాయన. ఇందులో మోసం చేయాలన్నా తలుపు తట్టక తప్పదు కదండీ అన్నాను. ఆయన పతాకం మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ చూపు చూస్తే తట్టేలా లేరు.

పదిహేనో రోజు

మధ్యాహ్నం నుంచే ఏడో తెప్ప చుట్టుపక్కల జనం. ఒకరు చిరగని వల బాగుచేస్తున్నారు, ఒకరు కడిగిన గిన్నె మళ్లీ కడుగుతున్నారు. నాంచారమ్మ నన్ను చెయ్యి పట్టుకుని నడిపించి, తాళ్ల చుట్ట మీద కూర్చోబెట్టింది. కళ్లు తిరిగితే ముందే చెప్పి చావమంది.

వీరరాఘవయ్యగారు తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కళ్లు మూసుకున్నారు. నాలుగయింది. రోలు చప్పుడు లేదు. నాలుగుంబావు అయింది. ఆయన కళ్లు తెరిచారు. కుర్చీలో అటు తిరిగారు, ఇటు తిరిగారు. తాతారావుగారు కావాలనే ఆపారో, నిజంగా ఏమన్నా అయిందో మాలో ఎవరికీ తెలియదు. నేను అలాగే తలుపు అవతల పడి ఉన్నాను కదా, మొన్న.

నాలుగున్నరకు ఆయన లేచారు. వంటగదిలోకి వెళ్లి సుద్దగీత దగ్గర ఆగారు. తెరిచిన తలుపులోంచి మాకు ఆయన వీపు కనిపిస్తోంది. పంచె ఎగ్గట్టి, చెప్పులు విడిచి, కాలవ దాటినట్టు ఆ గీత దాటారు. దాటినవారు తలుపు తట్టడం కాదు, బాదారు.

"తాతారావూ. ఏం, దంచలేదేం?"

లోపల్నుంచి ఏమీ లేదు. మళ్లీ బాదారు. ఈసారి ఆయన గొంతు మారిపోయింది. నాంచారమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అప్పుడు మంచం కిర్రుమంది.

"వక్కలు నిండుకున్నయి," అన్నారు తాతారావుగారు.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా."

"ఎవరికి చెప్పను? గీతకి చెప్పనా?"

ఆ తర్వాతి మాటలు పుస్తకంలో రాసేవి కావు. నాలుగేళ్ల బాకీ అంతా ఒక్కపూటలో తీర్చుకున్నారు. మధ్యలో వీరరాఘవయ్యగారి కోడలు వచ్చి, తిట్ల సందులోంచి చెయ్యి దూర్చి, తమ ఇంటి వక్కల డబ్బా మామగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తాతారావుగారి మంచం మీద పడేసి తిట్టు కొనసాగించారు. గీత మీద అటూ ఇటూ నడిచి నడిచి, పొద్దు గుంకేసరికి సుద్ద సగం చెరిగిపోయింది. మేస్త్రి అన్ని వంటగదుల్లోనూ ఒకేసారి చెప్పింది.

"విడదీయవలసిన తెప్పలు: లేవు."

నాకు ఏడుపొచ్చింది. ఎండ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. నాంచారమ్మ, ఎండెక్కడుంది టీచరమ్మా అంది. ఊరుకోదు కదా.

పదహారో రోజు

నీళ్ల మర వంతు నాంచారమ్మది. జల్లెడ సరిగా దులపలేదు. వీరరాఘవయ్యగారి నుంచి ఫిర్యాదు వచ్చింది, పక్కింటాయన వక్కలు మూడింటికే దంచుతున్నారని. రాసుకున్నాను.

కిటికీ కింద పండుగొప్పలు రెండు పళ్లేలు ఉన్నాయి. పొయ్యి మీద ఆమె పులుసు ఉంది. మాత్ర చేతిలో ఉంది, ఇంకా మింగలేదు. వెళ్లి కేక వెయ్యాలి.